కుళాయి కాడ పడ్డ కుక్క

కుళాయి ఇంకా రాలేదు. బిందెలు వరసలో ఉన్నాయి, వాటి వెనక మనుషులున్నారు. వేట నిషేధం మొదలై పదిరోజులు దాటింది. ఫిషింగ్ హార్బర్లో మరబోట్లన్నీ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ కట్టేసి ఉన్నాయి. సముద్రం మీదుండాల్సిన మగాళ్ళంతా వీధిలో ఉంటే పేట ఇరుకైపోతుంది. ఎవరి బిందె ఎవరు ముందుకు జరిపారన్న దానికి కూడా పెద్దమనుషులు తయారవుతారు.

కాసులమ్మ కుక్క నల్లోడు ఆ కాళ్ళ మధ్యలోంచి దూరుకుంటూ వచ్చి ఆమె మోకాళ్ళ సందున తల పెట్టింది.

"ఏటిరా? ఎండకి తిరగొద్దన్నానా?"

కుక్క ఆమె వైపు చూడలేదు. ఎటో చూస్తూ పెదాలు నాక్కుంది. మళ్ళీ నాక్కుంది. కాళ్ళు కర్రల్లా బిగుసుకుపోయాయి. అలాగే పక్కకి ఒరిగి, బిందెలమీద పడింది.

బిందెలు దొర్లిన చప్పుడుకి అందరూ తిరిగారు. నల్లోడు నేలమీద పడి నాలుగు కాళ్ళతో ఈదుతోంది. దవడలు టకటకా కొట్టుకుంటున్నాయి. నోటి వెంట నురగ.

"పిచ్చికుక్క! ఓలమ్మో, పిచ్చి పట్టేసింది!"

ఆడవాళ్ళు పిల్లల్ని ఎత్తుకుని అరుగులెక్కేశారు. కులపెద్ద చలమయ్య మాత్రం అరుగుమీంచి లేవకుండానే అరిచాడు. "ఇనుం పెట్టండ్రా! సేతిలో ఇనుం పెడితే దిగిపోద్ది!"

మనిషి మూర్ఛొచ్చి పడితే చేతిలో తాళాలగుత్తి పెట్టడం పేటలో అందరికీ తెలిసిందే. కుక్కకి చెయ్యేది? అయినా ఎల్లారావు ముందుకొచ్చాడు. అతను బోటు డ్రైవరు. నిషేధం మొదలయ్యేదాకా ఏడుగురు కలాసీలని సముద్రం మీదకి తీసుకెళ్ళి తెచ్చినవాడు. ఏ పనికైనా ముందు తనే దూకాలనుకుంటాడు. మొలతాడుకున్న బోటు తాళాలు విప్పి, "తప్పుకోండి" అంటూ కుక్క పక్కన గొంతుక్కూర్చున్నాడు. పంజాలో పెడితే గుత్తి నిలవలేదు. నోట్లో దోపాడు.

దవడ మూసుకుంది. తాళాలు బయటే ఉన్నాయి. బొటనవేలు లోపలుంది.

ఎల్లారావు కేక పేటంతా వినపడింది. వేలు బయటికొచ్చేసరికి నురగ ఎర్రబడింది. సరిగ్గా అప్పుడే కుళాయి వచ్చింది. అతని భార్య ఈశ్వరి ఎవరి బిందెనో కాలితో తోసేసి, మొగుడి చెయ్యి లాగి ధార కింద పెట్టింది. "సబ్బు తెండి. బట్టలసబ్బైనా సరే, తెండి" అంటోంది.

"కరిసింది! సాయానికెల్తే కరిసింది!"

"అది కరవలేదు ఎల్లారావ్. దాని దవడ బిగిసిపోయింది. నువ్వే నోట్లో..." అంది కాసులమ్మ.

"ఏటొదినా? నానే దాని నోట్లో సెయ్యెట్టి కొరకమన్నానా?"

కుక్క కాళ్ళు ఆగాయి. కాసేపు చచ్చినట్టు పడుంది. తర్వాత లేచింది. నాలుగడుగులేసి గోడకి గుద్దుకుంది. వెనక్కి తిరిగి మళ్ళీ అదే గోడకి గుద్దుకుంది. ఎల్లారావు బోటు కలాసీ సత్యం రాయి తీసి విసిరాడు. అది కుక్కకి తగల్లేదు, కాసులమ్మ మోచేతికి తగిలింది. ఆమె అతని వైపు చూడను కూడా లేదు. పైటచెంగు కుక్క ముఖంమీద కప్పి, చంకలో ఇరికించుకుని ఇంట్లోకి లాక్కుపోయింది.

కుక్క కరిస్తే ఇంకా బొడ్డు చుట్టూ సూదులేసే రోజులవి. సాయంత్రం కొడుకు గణేష్ వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"పెద్దాసుపత్రికి ఎల్లొచ్చాడు ఎల్లారావు సిన్నాన్న. దీన్ని సంపేత్తానంటన్నాడు. బొడ్డు సుట్టూ పద్నాలుగు సూదులంట. నాను ఆ బోటుమీదే బతుకుతన్నాను, నీకు తెలుసా అమ్మా? నిషేధం ఎత్తేసిన రోజున ఆడు నన్ను ఎక్కొద్దంటే ఏ బోటెక్కాలి?"

"ఒరే, సూడు."

నల్లోడు గంజి తాగుతోంది. అందులో వేసిన నెత్తళ్ళ తలకాయల్ని ఏరుకుని తింటోంది. గంజి అయిపోయాక గిన్నె నాకుతూ, దాన్ని తోసుకుంటూ గోడదాకా వెళ్ళింది.

"పిచ్చి పట్టింది ఇలా తింటాదా?"

"నీకేటి తెలుసు?"

"నాకేటీ తెలీదు. అందుకే రేపు డాక్టర్నడిగొత్తాను."

"కుక్కకి డాక్టరు!" గణేష్ నవ్వు తెచ్చుకోబోయాడు, రాలేదు. "పేటంతా మనింటికేసి సూత్తన్నాదమ్మా. హార్బరవతల వదిలేసొత్తాను, ఇలాగియ్యి."

ఆమె కుక్క మెడ తాడుని తన చేతికే రెండు చుట్లు చుట్టుకుంది.

తెల్లారి కాసులమ్మ నల్లోణ్ణి చేపల గంపలో కూర్చోబెట్టి పైన తడి వల కప్పింది. కుక్కని చూపిస్తే ఏ ఆటోవాడూ ఎక్కించుకోడు. చేపల ఆటో అయితే గంపలోకి ఎవరూ తొంగిచూడరు. రోడ్డు గతుక్కి గంప మూలిగింది.

"ఏటప్పా, నీ సేపలు మూలుగుతన్నాయి?"

"పెద్ద సేప."

"నిసేదంలో అంత పెద్ద సేప ఎవుడేసాడు? మర్డరైపోతావ్, పోలీసులు పట్టుకుంటారు" అని ఆటోవాడు తన జోకుకి తనే నవ్వుకున్నాడు.

పశువుల ఆసుపత్రి వరండాలో తెల్లటి బొచ్చుకుక్కని ఒళ్ళో పెట్టుకున్న ఒక ప్యాంటాయన ఆ గంప వాసనకి ముక్కు మూసుకుని అవతల బెంచీకి మారాడు. లోపల జ్యోతిర్మయి అనే డాక్టరమ్మ తలెత్తకుండానే అడిగింది. "ఎప్పట్నించి పడుతోంది?"

"నిన్ననేనమ్మా. అందరూ సూసారు."

"అందరూ చూసింది కాదు. అంతకుముందు మీరు చూసింది చెప్పండి."

కాసులమ్మకి ఆ గొంతులోని విసుగు నచ్చలేదు. అయినా ఆలోచించింది. కిందట నెల్లో ఒక పొద్దున గంపల సందున ఉచ్చలో పడుకుని కనిపించింది. ముసలిదైపోతోందని తిట్టింది. ఇంకోసారి తెల్లారేసరికి గోడకి తలానించి నిలబడి ఉంది. పిలిస్తే పలకలేదు. గాలి సోకిందని మిరపకాయలతో దిష్టి తీసింది. అవన్నీ చెప్పింది.

డాక్టరమ్మ ఇప్పుడు తలెత్తింది. "పడ్డప్పుడు పేరు పెట్టి పిలిస్తే చూసిందా?"

"కళ్ళు తెరిసే ఉన్నాయి. నన్ను కాదు సూత్తన్నాది."

"కాళ్ళు ఎలా ఆడించింది?"

కాసులమ్మ రెండు చేతులూ ముందుకు చాపి, నీళ్ళలో పడ్డ మనిషిలా ఆడించి చూపించింది.

"లేచాక?"

"గోడకి గుద్దుకుంది. రెండుసార్లు. సాయంత్రం గంజి తాగింది. నా గంజి కూడా తాగేసింది."

"పిచ్చి పట్టిన కుక్క సాయంత్రానికి మామూలైపోయి గంజి తాగదమ్మా. పిచ్చయితే రోజురోజుకీ దిగజారడమే, మధ్యలో బాగుండటం ఉండదు. ఇది ముందు చూపు నిలిపింది, బిగుసుకుంది, కొట్టుకుంది, లేచాక కాసేపు దారి తెలియలేదు, తర్వాత తేరుకుంది. మనుషులకొచ్చే ఫిట్సే ఇది. మనుషుల్లో కూడా కొందరికి ఇలాగే మొదలవుతుంది. కాసేపు ఉలుకూ పలుకూ ఉండదు, చేతిలోది జారిపోతుంది. చూసేవాళ్ళు పరాకనుకుంటారు." ఆమె కుక్క కనురెప్ప ఎత్తి చూసి వదిలింది. "కానీ కరిచింది కాబట్టి ఒట్టేసి చెప్పలేను. పదిరోజులు కట్టేసి చూడండి. పిచ్చయితే ఆలోపే చచ్చిపోతుంది. కరిపించుకున్నాయన మాత్రం ఆగకూడదు, సూదులు మానకూడదు."

"ఆయన దీన్ని సంపేత్తానంటన్నాడు."

"చంపేస్తే తనకేమైందో తనకే తెలీదు. ఇది బతికుంటేనే తెలిసేది. అలా చెప్పండి."

"మళ్ళీ పడితే ఏటి సెయ్యాలమ్మా?"

"ఏమీ చెయ్యకూడదు. గుచ్చుకునేవి దూరంగా జరపండి. నోటి దగ్గర చెయ్యి పెట్టొద్దు, అదిమిపట్టుకోవద్దు, నీళ్ళు పొయ్యొద్దు. కాసేపట్లో ఆగకపోయినా, ఒకటి తేరుకోకముందే ఇంకోటొచ్చినా పరుగెత్తుకురండి. ఈ మాత్ర పూట తప్పకుండా వెయ్యండి. వెంటనే పట్టు దొరకదు, మధ్యలో ఒకటీ అరా వస్తే కంగారుపడొద్దు." అని, "తర్వాత!" అని వరండాలోకి కేకేసింది.

కాసులమ్మ తిరిగొచ్చి గంప దించకుండానే ఎల్లారావు ఇంటి ముందు నిలబడి డాక్టరమ్మ మాటలు అప్పజెప్పింది. ఎల్లారావు మంచంమీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. "ఫిట్సు" అన్న మాట దగ్గర లేచి కూర్చున్నాడు.

"ఎవులికి సెప్తన్నావ్? నానేటి గుంటణ్ణా? అది పిచ్చికుక్క. మూర్ఛా గీర్ఛా అని ఈ వీధిలో ఇంకోపాలి అన్నావంటే బాగుండదు సెప్తన్నాను."

ఈశ్వరి గుమ్మంలోకొచ్చింది. కాసులమ్మని చూడకుండా తలుపు మూసేసింది.

మర్నాటి నుంచి కుళాయి దగ్గర కాసులమ్మ బిందె వెనక్కి జరిగింది. ఎవరు జరిపారో తెలీదు, ఆమె అటు తిరిగి ఇటు చూసేసరికి వరస చివర ఉంటుంది. ముందుకి పెట్టుకుంటే, "కుక్కెంగిలి సేతుల్తో ముట్టుకోకు" అంది ఒకావిడ. ఈశ్వరి ఆ వరసలోనే ఉంది. తన బిందె నిండగానే చంకనెత్తుకుని పోయింది.

ఇసకలో ఆరబెట్టిన నెత్తళ్ళ దగ్గరికి వెళ్తే పట్టా తిరగేసి ఉంది. కాసులమ్మ గొంతుక్కూర్చుని ఒక్కొక్క చేపా ఏరి, ఇసక ఊది, దులిపి, మళ్ళీ పరిచింది. పక్క పట్టాల ఆడవాళ్ళు ఉప్పు కలుపుకుంటూ చూస్తున్నారు. ఎప్పుడూ పక్కనే ఆరబెట్టుకునే ఆదిలక్ష్మమ్మ తన పట్టాని నాలుగు బారలు అవతలకి ఈడ్చుకుపోయింది.

"నెత్తళ్ళకి కూడా పిచ్చెక్కుద్దేటే?" అని కాసులమ్మ అడిగింది.

"ఎందుకొచ్చిన గొడవప్పా" అంది ఆదిలక్ష్మమ్మ, పట్టా వదలకుండా.

ఇంట్లో గణేష్ మాట్లాడటం మానేశాడు. అన్నం పెడితే పళ్ళెం తీసుకుని బయటికెళ్ళి తింటున్నాడు. కుక్కకి చేపముక్కలో మాత్ర పెట్టి మింగిస్తుంటే ఒకసారి చూసి, "నాకు జొరమొత్తే ఇలా మందేసావేటే ఎప్పుడైనా?" అన్నాడు. ఆమె తలుపు దగ్గర తాడు ముడి సరిచూసుకుంటూ ఉండిపోయింది. నల్లోడు మామూలుగానే ఉంది. తోక ఊపుతోంది, నీళ్ళు తాగుతోంది, కాకిని చూసి మొరుగుతోంది. ఆ మొరుగు విన్నప్పుడల్లా అవతలి వీధిలోంచి ఎల్లారావు తిట్లు వినపడుతున్నాయి.

ఆదివారం మధ్యాహ్నం గంగమ్మ గుడి ముందు రేకుల పందిరి కింద కూటం పెట్టించాడు ఎల్లారావు. మగాళ్ళంతా వచ్చారు, రాక చేసే పనేముంది? ఆడవాళ్ళు ఒక పక్క నిలబడ్డారు. ఎల్లారావు బనీను ఎత్తి చూపించాడు. బొడ్డు చుట్టూ దద్దులు కట్టి ఎర్రగా పొంగి ఉంది.

"సూడండి. ఒక కుక్క కోసం."

"బావా, ఆరో నెల కడుపులా ఉన్నాది" అన్నాడు సత్యం. నలుగురు నవ్వారు. ఎల్లారావు నవ్వలేదు.

చలమయ్య గొంతు సవరించుకున్నాడు. "కాసులమ్మా, ఏటంటావ్?"

"అది పిచ్చి కాదు పెద్దయ్యా. మూర్ఛ. డాక్టరమ్మ అన్నీ అడిగి సెప్పింది. పిచ్చిదైతే ఈపాటికి నీళ్ళు మింగలేక పడుండును. పడే ముందు అది సూపు నిలిపేత్తాది. పెదాలు నాక్కుంటాది. పిలిత్తే పలకదు. మనుషులకైనా అంతేనంట. కాసేపు ఉలుకూ పలుకూ ఉండదంట, సేతిలోది జారిపోద్దంట. పక్కోళ్ళు పరాకనుకుంటారంట. అప్పుడే కనిపెట్టాలంట..."

మగాళ్ళు వింటున్నారు. సత్యం నవ్వు ఆపేసి నోరు తెరుచుకుని మరీ వింటున్నాడు.

"సాలు!" ఎల్లారావు గొంతు రేకులకి తగిలి మోగింది. "కుక్క సంగతి సెప్పమంటే మనుషుల సంగతి ఎందుకే నీకు? పెద్దయ్యా, ఈయేళ నన్ను కరిసింది. రేపు ఏ గుంటనో కరుత్తాది. అప్పుడు మూర్ఛ అని ఊరుకుంటారా? తెమ్మను."

"ఇంకో నాలుగు రోజులు కట్టేసి ఉంచుతాను. నాలుగే రోజులు. సత్తే నానే పాతిపెడతాను" అంది కాసులమ్మ.

చలమయ్య చుట్టూ చూశాడు. ఎవరి ముఖంలోనూ ఆమె వైపు మొగ్గు లేదు. "పేట మాట కూడా ఇనాలి కదమ్మా" అన్నాడు. "గణేష్, నువ్వే తోలుకురా."

గణేష్ తల్లి వైపు చూడకుండా వెళ్ళాడు. వచ్చేటప్పుడు తాడు పొడుగ్గా వదిలి పట్టుకున్నాడు. నల్లోడు అంతమందిని చూసి తోక కాళ్ళ సందున పెట్టుకుంది. సిమెంటు గచ్చు ఎండకి కాలుతుంటే పాదాలు మార్చుకుంటూ నిలబడింది. ఎల్లారావు వెదురు గెడ అందుకున్నాడు. కట్టు కట్టిన బొటనవేలు పైకి నిలబెట్టి, మిగతా వేళ్ళతో బిగించాడు.

కుక్క ఎటో చూసింది. పెదాలు నాక్కుంది.

"గణేషూ, తాడొదిలెయ్!" అని కాసులమ్మ అరిచేలోపు అది బిగుసుకుని పడిపోయింది.

జనం వెనక్కి పడ్డారు. ఎల్లారావు గెడ ఎత్తాడు. కాసులమ్మ పరుగెత్తబోతే ఇద్దరు చెయ్యి పట్టుకుని ఆపారు. ఆ సందులోంచి, ఆడవాళ్ళ వైపు నుంచి ఈశ్వరి వచ్చింది. మొగుడి ముందునుంచే, ఎత్తిన గెడ కిందనుంచే వచ్చి కుక్క వెనక మోకాళ్ళమీద కూర్చుంది.

ఒక్క లాగుతో మెడ తాడు వదులు చేసింది. పక్కనున్న ఇటుకని మోచేత్తో తోసేసింది. పైట ఉండచుట్టి, తల వెనక నుంచి, గచ్చుకీ తలకీ మధ్య దూర్చింది. నురగ లోపలికి పోకుండా ముఖాన్ని కొంచెం వాల్చింది. అన్నీ ఒకదాని వెంట ఒకటి, ఎక్కడా తడుముకోకుండా. ఆ తర్వాత ఎండ పడకుండా వీపు అడ్డుపెట్టి, చేతులు ఒళ్ళో పెట్టేసుకుంది.

"ఇనుం..." అన్నాడు చలమయ్య.

"ఇనుం వద్దు పెద్దయ్యా. దాంతో ఏటీ అవదు. ఎవులూ ముట్టుకోకండి. దానంతటదే దిగుద్ది." గొంతు పెంచలేదు. కుక్క మీదకి వంగి, లోగొంతుకతో, "అయిపోతాది. ఇదిగో అయిపోతాది. అయిపోనాది" అంటోంది, ఉయ్యాల ఊపుతున్నట్టు.

కాసులమ్మ ఆ చేతులు చూసింది. డాక్టరమ్మ చెప్పినవన్నీ తనకీ తెలుసు. కానీ తన చేతులు ఇలా పనిచెయ్యవు. ఇవి ఒకసారి విని నేర్చుకున్న చేతులు కావు. ఎల్లారావు వైపు చూసింది. అతను కుక్కని చూడటం లేదు. పెళ్ళాం చేతుల్నే చూస్తున్నాడు. గెడ ఎప్పుడు దిగిపోయిందో దాని కొన నేలమీద ఉంది. కాసులమ్మకి అప్పుడర్థమైంది. తను మూర్ఛొచ్చి పడినప్పుడు పెళ్ళాం ఏం చేస్తుందో ఈ మనిషి ఇన్నాళ్ళూ చూడలేదు. ఎలా చూస్తాడు?

కుక్క కాళ్ళు నెమ్మదించాయి. ఆగాయి.

"పిన్నీ," అన్నాడు గణేష్, "నీకియ్యన్నీ ఎవులు సెప్పారు?"

ఈశ్వరి పైట లాక్కుంటున్న చెయ్యి ఆగిపోయింది. సత్యం ఈశ్వరిని చూశాడు. అక్కణ్ణించి అతని చూపు మెల్లగా ఎల్లారావు వైపు మళ్ళుతోంది.

"నానే సెప్పాను" అంది కాసులమ్మ. "డాక్టరమ్మ నాకు సెప్పింది, నాను ఈశ్వరికి సెప్పాను. కుళాయి కాడ."

గణేష్ తల్లిని చూశాడు. కుళాయి కాడ వాళ్ళిద్దరికీ మాటల్లేవని పేటంతటికీ తెలుసు. ఎవరో దగ్గారు. చలమయ్య అందరికంటే పెద్దవాడు కాబట్టి అందరికంటే ముందు లేచి కండువా దులుపుకున్నాడు.

"మాటలాడుకుంటన్నారన్నమాట. మంచిదే. ఆ నాలుగు రోజులూ కట్టేసి ఉంచండి. పొండి, ఎండ."

జనం మెల్లగా కదిలారు. వెనక్కి తిరిగి చూసుకుంటూ సత్యం కూడా వెళ్ళాడు. గణేష్ తాడు చివర తల్లి చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. పందిరి కింద ముగ్గురూ, పడున్న కుక్కా మిగిలారు.

"ఎన్నాళ్ళయింది?" అని అడిగింది కాసులమ్మ.

ఈశ్వరి పైటకంటిన నురగ తుడుచుకుంటోంది. ఎల్లారావు దగ్గరికొచ్చాడు. "నాకు దానమిచ్చాననుకుంటన్నావా? నీ అబద్దం నానడిగానా?"

"నీకు కాదు. నీ పెళ్ళానికిచ్చాను. దాని ముఖం సూసి."

"అయితే నోరు మూసుకో."

"మూసుకోను. నా కొడుకు నీ బోటుమీద ఉన్నాడు. ఇంకారుగురు ఉన్నారు. నడిసముద్రంలో నీ సెయ్యి జారిపోతే? రేపే పెద్దాసుపత్రికి ఎల్లు. సూదుల కోసం ఎల్తన్నావు కదా, ఆ పక్క గదిలో ఇది కూడా సెప్పు. డాక్టరు సరే అనేదాకా స్టీరింగ్ ఇంకొకడి సేతికియ్యి. నిషేధం ఎత్తేసేలోపు ఎల్లకపోతే, ఇదే పందిరి కింద నానే కూటం పెట్టిత్తాను."

"బెదిరిత్తన్నావా?"

"అవును."

అతని దవడ కదిలింది. గెడ చేతిలోనే ఉంది. ఈశ్వరి లేచి ఇద్దరి మధ్యకీ రాలేదు. కూర్చున్నచోటే ఉండి, కాసులమ్మకేసి చూసింది, ఇన్ని రోజుల్లో మొదటిసారి. ఆ చూపులో కృతజ్ఞతేమీ లేదు. ఆమె అడగలేని మాట ఇంకొకరు అడిగినందుకు కోపమో, ఏడుపో తెలియనిదేదో ఉంది.

నల్లోడు లేచింది. ఒళ్ళు తూలుతూ రెండడుగులేసి పందిరి స్తంభానికి గుద్దుకుంది. పక్కకి తిరిగి తిన్నగా నడిచి ఎల్లారావు మోకాలికి గుద్దుకుంది. కాసులమ్మ అతను తంతాడనుకుంది.

"నల్లోడా! ఇలా రా! నల్లోడా!" అని పిలుస్తూ పక్కనున్న చెంబు అందుకుంది.

"ఎందుకలా అరుత్తావ్?" అన్నాడు ఎల్లారావు. గొంతులో విసుగు అలాగే ఉంది. "నీళ్ళప్పుడే వద్దు. మింగలేదు. నాలిక తనది కానట్టుంటాది."

కాసులమ్మ చెంబు అలాగే పట్టుకుని నిలబడింది.

"పేరు కూడా పిలవకు. ఇప్పుడు దానికి పేరు లేదు. సుట్టూ అంతా గోడలే కనపడతాయి. ఆ గోడలు అరుత్తుంటాయి." అతను ఎవరినీ చూడకుండా, సముద్రం వైపు చూస్తూ చెప్పాడు. "ఊరుకుంటే దానంతటదే ఒత్తాది."

కుక్క తల అతని కాలికి ఆనించి, బరువంతా వేసి నిలబడిపోయింది. అతను కాలు తియ్యలేదు.